కొలత మన చేతిలో, కంచం పిల్లల చేతిలో

మన ప్రాంతంలో బియ్యానికి కొదవ లేదు. ఆత్మకూర్ (ఎస్) చుట్టూ వరి పొలాలు, మిర్యాలగూడలో రైసు మిల్లులు, కోదాడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు. 2025 ఉగాది నాడు రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీ కూడా మన జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. అయినా నెలాఖరుకు సరుకుల లెక్క కుదరని ఇళ్లు చాలా ఉన్నాయి. ధరలు ఎలాగూ మన చేతిలో లేవు. గిన్నెలో మిగిలి కుడితి తొట్టిలోకి పోయేది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఒక చిన్న లెక్క చూడండి. రోజూ 100 గ్రాముల బియ్యం వండి పారేస్తే నెలకు 3 కిలోలు, ఏడాదికి 36 కిలోలు. అంటే ఒక మనిషికి వచ్చే ఆరు నెలల రేషన్. దాని వెంట పోయే గ్యాసు, పప్పు, నూనె వేరు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ల నుంచి మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం, తొక్కలూ బొమికెలూ కలిపి, చెత్తలోకి పోతోంది. ప్రపంచ సగటు 79 కిలోలు. దానికంటే మనది తక్కువే. కానీ ఆచితూచి ఖర్చుపెట్టే ఇంటికి ఆ తక్కువ కూడా బరువే.

కంచంలో అన్నం వదిలేస్తే ముందు పిల్లల మీద కోపం వస్తుంది. వండింది ఎంతో, వడ్డించింది ఎంతో నిర్ణయించింది మాత్రం మనమే కదా. అందుకే దిద్దుబాటు మన దగ్గర మొదలవ్వాలి.

ఎసరు పెట్టే ముందు ఒక్క మాట అడగండి: ఈ పూట ఇంట్లో తినేది ఎవరెవరు? సర్కారు బడికి పోయే పిల్లలకు మధ్యాహ్న భోజనం అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లు సద్ది కట్టుకొని చేనుకు పోతే మధ్యాహ్నం ఇంట్లో మిగిలేది ఒకరిద్దరే. అయినా చెయ్యి అలవాటు కొద్దీ రోజూ అవే గ్లాసులు కొలుస్తుంది. బడి ఉన్న రోజుకు ఒక కొలత, సెలవు రోజుకు ఒక కొలత పెట్టుకుంటే సగం వృథా అక్కడే ఆగుతుంది.

వడ్డించేటప్పుడు కొంచెమే పెట్టి, చాలకపోతే మళ్లీ పెట్టండి. మారు అడిగి తిన్న పిల్లలకు తమ ఆకలి ఎంతో తెలుస్తుంది. కాస్త పెద్ద పిల్లలైతే తమ కంచంలో తామే పెట్టుకోనివ్వండి. కడుపు నిండాక బలవంతంగా కుక్కకండి. బడి నుంచి రాగానే చిప్స్ పొట్లం తింటే రాత్రి అన్నం మిగలక తప్పదు. అప్పుడు పొట్లం ఖర్చు, అన్నం ఖర్చు రెండూ మన మీదే పడతాయి. ఆ వేళకు వేయించిన పల్లీలో, ఒక అరటిపండో ఇవ్వండి. రాత్రి భోజనం కొంచెం ముందుకు జరిపినా మంచిదే.

జాగ్రత్త పడ్డా కొంత మిగులుతుంది. రాత్రి అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి ఉంచితే పొద్దున ఉల్లిపాయతో సద్దన్నం. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమైతే పొద్దున పోపన్నమో, పులిహోరో. నీళ్లు పోయని అన్నాన్ని మాత్రం ఏ కాలంలోనైనా రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండాకాలంలో ఇంకా త్వరగా ఫ్రిజ్‌లో పెట్టండి. చెడిన అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. జిగట సాగినా, వాసన వచ్చినా పిల్లలకు పెట్టకండి. పొదుపు కోసం పిల్లల కడుపు చెడగొట్టుకుంటే దవాఖాన ఖర్చు అంతకు మించిపోతుంది. శుభకార్యాల్లో మిగిలిన అన్నమంతా పశువుల ముందు గుమ్మరించడమూ ప్రమాదమే. ఒకేసారి ఎక్కువ అన్నం తింటే పశువుకు కడుపుబ్బరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అంగడి సంగతి. టమాటా చవకగా దొరికిందని బుట్టెడు తెస్తే సగం కుళ్లిపోతాయి. అన్ని తెచ్చిన రోజునే తొక్కు నూరండి, లేదా కోసి ఎండబెట్టి ఒరుగులు చేయండి. ఆకుకూర ముందు వండి, గుమ్మడి, ఆలుగడ్డ వారం చివరికి ఉంచండి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో వేయొద్దు, త్వరగా పాడవుతాయి. బియ్యం డబ్బాలో పాతవి అయిపోయాకే కొత్తవి పోయండి. తడి తగలకుండా చూస్తే పురుగు బాధ తగ్గుతుంది.

ఇవన్నీ ఒక్క రోజులో అలవాటు కావు. ఈ వారం ఒక్క పనే చేయండి: రోజూ పారేసింది ఎంతో, ఎందుకో పిల్లల చేతే ఒక కాగితం మీద రాయించండి. వారం చివర అందరూ కూర్చొని చదవండి. కొలత ఎక్కడ తప్పుతోందో మీ ఇంటి లెక్కే మీకు చెబుతుంది. మిగిల్చిన డబ్బుతో పిల్లలకు రోజుకో గుడ్డు ఎక్కువ పెట్టండి. అన్నం విలువ వాళ్లకు తిట్లతో కాదు, ఈ లెక్కతోనే అర్థమవుతుంది.