మంచు దేశపు జంతువులపై గేయం రాద్దాం

గోడపత్రికకు గేయం రాయమంటే మనలో చాలామంది చిలుక, నెమలి, కుందేలు దగ్గరే ఆగిపోతారు. ఈసారి ధ్రువాల వైపు వెళదాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు మంచంటే ఎండాకాలపు గాలివానలో పడే వడగండ్లు, ఐసుబండి డబ్బా. అయినా ఫరవాలేదు. తెలిసిన దానితో పోల్చుకుంటూ పోతే తెలియనిది కూడా దారికొస్తుంది.

ముందుగా ఒక సంగతి. ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్ పక్కపక్కన నిలబడ్డ బొమ్మలు మనం చూస్తుంటాం. అది జరగని పని. ఎలుగు ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉంటుంది. అక్కడ సముద్రమే గడ్డకట్టి మంచు పలకలవుతుంది. చక్రవర్తి పెంగ్విన్లు ఉండేది దక్షిణాన అంటార్కిటికాలో. రెంటికీ నడుమ భూగోళమంతా ఉంది!

మన భూపాలపల్లి అడవుల గుడ్డెలుగు ఇప్పపువ్వు తింటుంది, పుట్టలు తవ్వి చెదలు పీల్చుకుంటుంది. ధ్రువపు ఎలుగుకు ఆ భాగ్యం లేదు. సీల్ అనే జంతువు ఊపిరి కోసం మంచు రంధ్రం దగ్గరికి వచ్చేదాకా గంటల తరబడి కదలకుండా కాచుకుంటుంది. చెరువులో కొంగను చూసినవారికి ఆ ఓపిక తెలుసు. వెంట్రుకలు తెల్లగా కనబడ్డా దాని చర్మం నలుపే. మన ఎలుగుకు చుట్టమే మరి!

ఇక నడక. లఘువుకు 1, గురువుకు 2 మాత్రలని తరగతిలో చదివాం కదా. మూడు, నాలుగు మాత్రలు జంటగా సాగితే మిశ్రగతి. గురజాడ ముత్యాలసరాల నడక ఇదే. మేము అల్లినవి చూడండి:

మంచు పలకలు కరిగి పోతే
తెల్ల ఎలుగుకు తిండి దొరకదు
కాళ్ల మీదే గుడ్డు దాచుక
మంచు గాలిలొ నాన్న నిలిచెను

చివరి రెండు పాదాలు కల్పన కావు. చక్రవర్తి పెంగ్విన్లలో గుడ్డును పొదిగేది తండ్రి. దాన్ని పాదాల మీద పెట్టుకుని, పొట్ట చర్మంతో కప్పి, సుమారు రెండు నెలలు తిండి లేకుండా నిలబడతాడు. అంత కష్టపడినా, 2022 చివరలో బెల్లింగ్స్‌హాసన్ సముద్రతీరాన మంచు ముందుగానే విరిగిపోయింది. పిల్లలకు నీటిని ఆపే ఈకలు ఇంకా రాలేదు. అక్కడి అయిదు గుంపుల్లో నాలుగింటి పిల్లలు దాదాపు అన్నీ చనిపోయి ఉంటాయని ఉపగ్రహ చిత్రాలు చూసిన శాస్త్రవేత్తలు చెప్పారు.

ఈ మంచుకూ మనకూ సంబంధం లేదనుకోకండి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల అంటార్కిటికాతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేది. హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్రాళ్ల పొరలు గోదావరి లోయలో బొగ్గు పొరల కింద ఉన్నాయి. మంచు పోయాక పెరిగిన గ్లాసాప్టెరిస్ చెట్ల వంటివే మన బొగ్గయ్యాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్లలోనూ ఆ ఆకుల అచ్చులే ఉన్నాయి.

ఆ బొగ్గు మనలో ఎందరి ఇళ్లకో అన్నం పెడుతోంది. చెల్పూరు కరెంటు కేంద్రంలో మండి మన హాస్టల్ బల్బుకు వెలుగవుతోంది. భూమి వేడెక్కి మంచు కరగడానికి పెద్ద కారణాల్లో బొగ్గు పొగ కూడా ఒకటి. గనిలో దిగే తండ్రి, గుడ్డు కాచే తండ్రి ఒకే గేయంలోకి ఎలా వస్తారు? పై నాలుగు పాదాలకు మరో నాలుగు కలిపి గోడపత్రిక పెట్టెలో వేయండి. మూడు, నాలుగు లెక్క మాత్రం తప్పొద్దు.