పంజరము దాటిన చిలుకలు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, లేవీయకాండము 19:33, 34, లూకా 12:6.



రామచిలుకను గూర్చి పాఠమేమిటని కొందరు నవ్వవచ్చును. తాటితోపు ఉన్నచోటనెల్ల మనకు చిలుక కనబడును. తెల్లవారగానే గుంపులుగా అరచుకొనుచు చేలమీదికి పోవును, ప్రొద్దుగూకువేళకు తిరిగి వచ్చును. దానిని వింతగా చూచువారు వేటపాలెములో ఎవరును లేరు. అయితే ఈ జాతి పక్షియే నేడు లండను శివారులలోను, బెల్జియము దేశపు బ్రస్సెల్సులోను, స్పెయిను దేశపు సెవిల్లెలోను, జపానులోని టోకియోలోను చెట్ల తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుచున్నది. చదువులకును ఉద్యోగములకును వెళ్లిన మన బిడ్డలు, ఆకులు రాలిన చలికాలపు చెట్టుమీద పచ్చని చిలుకల గుంపును చూచి ఆశ్చర్యపడుచున్నారు. అది సముద్రముమీదుగా ఎగిరి పోలేదు. పంజరములో పోయెను.

ఈ వ్యాపారము నేటిది కాదు. సొలొమోను కాలమున ఓడలు మూడేండ్లకొకసారి దూరదేశములనుండి కోతులను, నెమళ్లను తెచ్చెనని మొదటి రాజులు 10:22లో చదువుచున్నాము. అపొస్తలుల కాలమువాడైన ప్లినీ అను రోమా గ్రంథకర్త, హిందూదేశమునుండి వచ్చు పచ్చని పక్షిని, దాని మెడచుట్టునున్న ఎఱ్ఱని పట్టెను వర్ణించి వ్రాసెను. అందమైన దానిని చూచి ఊరకుండక, దానిని ఇంటికి తెచ్చి మూతవేసి ఉంచుకొనవలెనను కోరిక మనుష్యునికి పాతదే.

తరువాతి కాలమున ఆ కోరిక ఓడలనుండి విమానములకెక్కెను. 1984 మొదలు 2007 వరకు ఐరోపా దేశములు దిగుమతి చేసికొన్న ఈ చిలుకలు, లెక్కకు వచ్చినవే, లక్షా నలుబదివేలకు పైగా ఉన్నవి. కొన్ని తప్పించుకొనెను. కొన్నిటిని విసిగిన యజమానులు వదలిరి. బ్రస్సెల్సులో 1974లో ఒక వినోదపు తోటవారు, తమ నగరమునకు కొంత రంగు వచ్చునని, సుమారు నలుబది చిలుకలను బుద్ధిపూర్వకముగనే విడిచిపెట్టిరి. ఇంగ్లండులో 1969 మొదలుకొని అవి అడవిపక్షులుగా పిల్లలను చేయుచున్నవి, ఇప్పుడు బ్రిటనులో సుమారు 12,000 జతలున్నవని అంచనా. 1951లో ఒక సినిమా తీసినవారి యొద్దనుండి పారిపోయినవని, పేరుపొందిన ఒక గిటారు వాద్యకారుడు విడిచెనని అక్కడివారు కథలు చెప్పుకొందురు. 2019లో పరిశోధకులు పక్షులు కనబడిన స్థలములను పటములమీద గుర్తించి చూడగా ఆ కథలకు ఆధారమేమియు దొరకలేదు. మనుష్యులు ఒక్కని పేరు చెప్పుకొని తృప్తిపడుదురుగాని, నిజమునకు అది పలువురి ఇండ్ల తలుపులనుండి జరిగిన పని.

మరియొక మాట. 2015లో ప్రకటింపబడిన జన్యు పరిశోధన ప్రకారము ఐరోపాలోని చిలుకలలో ఎక్కువభాగము పాకిస్తానునుండియు ఉత్తర హిందూదేశమునుండియు పోయిన వంశములవి. కాబట్టి అవి మన తాటితోపు చిలుకలకు ఉత్తరాది జ్ఞాతులు. అక్కడ చలి ఎరిగినవి గనుక చలిదేశమున నిలువగలిగినవి.

ఇప్పుడు ఆ దేశములలో వాదము పుట్టినది. పరాయి పక్షిని చంపవలెనా, ఉండనియ్యవలెనా? కొందరు లేవీయకాండము 19వ అధ్యాయమును చూపి, పరదేశిని బాధింపకూడదని వ్రాయబడలేదా అందురు. మరికొందరు పక్షిమీద పెట్టి మనుష్యులను తిట్టుదురు. ఈ రెండును సరికాదని నా అభిప్రాయము. ఆ ఆజ్ఞ మనుష్యులను గూర్చినది, ఐగుప్తులో తాము పరదేశులైయుండిన సంగతిని ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేయునది. దానిని చిలుకకు అతికించినయెడల మనుష్యునికి రావలసిన బలము తగ్గిపోవును. పక్షి విషయములో మొదట అడుగవలసినది అది ఎక్కడనుండి వచ్చెనని కాదు, వచ్చినచోట ఏమి చేయుచున్నదని.

మన ఊరినే చూడుడి. వేటపాలెమునకు పేరు తెచ్చిన జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు, పోర్చుగీసువారు తెచ్చినది. గుంటూరు మిరప అమెరికా ఖండములనుండి వచ్చినది. మొక్కజొన్నయు అంతే. మన తాతలకు ముందు ఒకప్పుడు ఈ దేశమున మిరియముతప్ప మరియొక కారము ఎరుగనివారుండిరి. నేడు మిరప మనది కాదనువాడెవడు? అయితే ఆ ఖండములనుండియే వచ్చిన సర్కారు తుమ్మను చూడుడి. బీడునేలలను, చెరువు కట్టలను ఆక్రమించి, ముండ్లు గ్రుచ్చుచు, మరియొక మొక్కను బ్రదుకనియ్యదు. రెండును పరాయివే. ఒకటి మన అన్నములో కలిసినది, రెండవదానిని వేరుతో పెరికినను మరల మొలచును.

చిలుక ఈ రెంటిలో దేనివంటిది? సెవిల్లెలోని ఒక తోటలో పాత చెట్ల తొఱ్ఱలలో అరుదైన పెద్ద గబ్బిలములు కాపురముండెడివి. చిలుకలు వచ్చి ఆ తొఱ్ఱలకొరకు వాటిమీద పడి పొడిచి చంపినవి. పదునాలుగేండ్లలో గబ్బిలములున్న చెట్లు నూటికి ఎనుబది వంతులు తగ్గినవని 2018లో పరిశోధకులు తెలిపిరి. సీషెల్సు దీవులలో అక్కడి నల్లచిలుకను కాపాడుటకై, మాహె దీవిలో చేరిన ఈ పచ్చచిలుకలను 2019 నాటికి పూర్తిగా నిర్మూలించిరి. ఇంగ్లండులో 2010 మొదలు, పంటకు గొప్ప నష్టము కలుగునప్పుడు చంపుటకు అనుమతి ఇచ్చిరి. తన తొఱ్ఱ తాను తొలుచుకొనుట చిలుక పద్ధతి కాదు. వడ్రంగిపిట్టయో మరొకటియో చేసినదానిని వెదకుకొని పెద్దదిగా చేసికొనును. మన యొద్ద ఆ పిట్టలు, గద్దలు, పాములు, చిలుకలు ఏనాటినుండియో కలిసి బ్రదుకుచున్నవి. అక్కడ ఆ పొందిక లేదు.

అనగా మన రైతుకు నష్టము లేదని కాదు. జొన్న పాలుపట్టు వేళ మంచెమీద కూర్చుండి ఒడిసెల త్రిప్పినవారికి ఆ బాధ తెలియును. కంకిలో కొంత తిని అంతకంటె ఎక్కువ నేలరాల్చును. మిరపపండును కూడ విడువదు. కారము మన నోటికేగాని పక్షి నోటికి తగులదు, ఆ మంటను గుర్తించు అంశము మనలోవలె పక్షులలో పనిచేయదు. అందుచేతనే మిరపజాతి గింజలను అడవులలో వెదజల్లినవి పక్షులే. పంజరములోని చిలుక మిరపపండు తినుచుండగా చూచి దాని ధైర్యమును మెచ్చుకొనువారు ఇది గ్రహింపవలెను.

ఇక పంజరము మాట. ద్వితీయోపదేశకాండము 22లో, త్రోవలో గూడు దొరికినయెడల పిల్లలను తీసికొన్నను తల్లిని విడువవలెనని కట్టడ యున్నది. ఆకలిగొన్నవాని చేతికి కూడ దేవుడు ఒక హద్దు పెట్టెను. చిలుకపిల్లను తెచ్చువానికి ఆకలి కారణము కాదు. చలికాలము చివర, రెక్కలింకను రానిపిల్లలను తొఱ్ఱ పగులగొట్టి తీసి, బుట్టలలో కుక్కి పట్టణములకు పంపుదురు. త్రోవలోనే చచ్చునవి అనేకములు. మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు, లూకాలో రెండు కాసులకు అయిదు. లెక్క చూడుడి, అయిదవది కొసరు. వెలలేని ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువలేదని ప్రభువు చెప్పెను. బుట్ట అడుగున చచ్చిన చిలుకపిల్ల అటువంటి కొసరే.

1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నది, 1990-91 మొదలు మన దేశపు అడవిపక్షుల వ్యాపారము నిషేధింపబడినది. రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, ఇంట పెంచుటయు నేరమే. చిలుకజోస్యము చెప్పించుకొనుట విశ్వాసికి తగదని మనమెన్నడో నేర్చితిమి. ఆ పెట్టెలోని చిలుక ఈకలు కత్తిరింపబడియుండుట ఎందరు చూచితిరి?

మన ఇండ్లలో ఎవరియొద్దనైనను పంజరపు చిలుక యున్నయెడల, ఈ పాఠము చదివి వెంటనే తలుపు తెరువవద్దు. చిన్ననాటినుండి చేతిముద్ద తిన్నది ఎగురలేదు, మేత వెదకుకొనలేదు, కాకులకో పిల్లులకో దొరకును. అటవీశాఖవారికి తెలియజేసి వారికి అప్పగింపుడి. పిల్లలు తొఱ్ఱలలో ఉండు మాసములలో తాటిచెట్లెక్కు మన కుఱ్ఱవాండ్రతో తలిదండ్రులు ముందుగానే మాటలాడవలెను. ఆ పిల్లలు గ్రుడ్డు విడిచిన ఆరేడు వారములకు తమంతట తామే ఎగిరిపోవును.