ఇంటర్వ్యూలో చొరవ, ఆలోచించి చేసిన సాహసం

పట్టా చేతికి వచ్చిన పిమ్మట విద్యార్థి ఎదుర్కొనే మొదటి పరీక్షకు పాఠ్యగ్రంథమంటూ లేదు. అదే ఉద్యోగపు ఇంటర్వ్యూ. ఆ గదిలో మన విద్యార్థినీ విద్యార్థులు వెనుకబడడానికి విషయజ్ఞానం కొరవడడం ఒక్కటే కారణం కాదని మా అభిప్రాయం. తాము చేసిన పనిని తామే చిన్నదిగా ఎంచి, దానిని నోరు విప్పి చెప్పలేకపోవడం అంతకంటె పెద్ద కారణం. ఈ లోపాన్ని సవరించుకొనే మార్గాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము.

పూర్వం ఇంటర్వ్యూలలో "మీ సుగుణములేవి? మీ ఆశయమేమి?" అని అడిగేవారు. నేడు అనేక సంస్థలు వేరొక రీతిలో ప్రశ్నిస్తున్నవి. "ఎవరూ చెప్పకుండానే మీరు పూనుకొని చేసిన పని ఒకటి చెప్పండి." "సమాచారం పూర్తిగా లేకపోయినా నిర్ణయం తీసుకొనవలసి వచ్చిన సందర్భం చెప్పండి." "మీరు చేసిన సాహసం ఫలించనప్పుడు ఏమి చేశారు?" ఈ ప్రశ్నలకు గుణవర్ణన సమాధానం కానేరదు. జరిగిన పని ఒక్కటే సమాధానం.

ఈ ప్రశ్నల పుట్టుక

మనిషి రేపు ఏమి చేస్తాడో తెలుసుకొనడానికి అతడు నిన్న ఏమి చేశాడో అడగడం మేలన్న భావనపై ఈ పద్ధతి నిలిచి ఉన్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్లానగన్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమాన సిబ్బందిని గూర్చి పరిశోధన సాగించి, పనిలో ఎదురైన కీలక సంఘటనలను సేకరించి విశ్లేషించే విధానాన్ని 1954లో ప్రకటించాడు. 1982లో టామ్ జాంజ్ అనే పరిశోధకుడు గత ప్రవర్తనను అడిగే ఇంటర్వ్యూను మామూలు ముచ్చట వంటి ఇంటర్వ్యూతో పోల్చి, మొదటిదే మెరుగైనదని చూపాడు. పాల్ సాకెట్, ఆయన సహచరులు 2022లో ప్రకటించిన సమీక్షలో, ఉద్యోగంలో రాణింపును ముందుగా అంచనా వేసే పద్ధతులన్నిటిలో, అభ్యర్థులందరికీ ఒకే క్రమంలో ప్రశ్నలు వేసి ఒకే కొలబద్దతో మార్కులు వేసే ఇంటర్వ్యూకే అగ్రస్థానం దక్కింది.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకొనరాదు. అమెజాన్ సంస్థ తన ఉద్యోగులు పాటించవలసిన నాయకత్వ సూత్రాలను బహిరంగంగానే ప్రకటించింది. వాటిలో ఒకటి కార్యశీలతను గూర్చినది. పెక్కు నిర్ణయాలు వెనుకకు తీసుకొనదగినవే కనుక వాటికి అతిదీర్ఘమైన పరిశీలన అక్కరలేదనీ, ఆలోచించి చేసే సాహసానికి తాము విలువనిస్తామనీ దాని సారాంశం. ఆ సంస్థ 2019లో హైదరాబాదులోని నానక్‌రాంగూడలో తన పెద్ద కార్యాలయ ప్రాంగణాన్ని ప్రారంభించింది. అనగా ఈ ప్రశ్న మన వాకిటికే వచ్చి నిలిచినది. ప్రభుత్వోద్యోగాల విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలను తొలగించింది. అయినప్పటికీ సివిల్ సర్వీసుల పరీక్షలో మొత్తం 2025 మార్కులలో 275 మార్కులు వ్యక్తిత్వ పరీక్షకే కేటాయించి ఉన్నవి.

చొరవ వేరు, తెగింపు వేరు

తెలుగులో చొరవ అనే మాటకు ఉర్దూలో 'పహల్' అన్నది సరియైన మాట. మొదటి అడుగు తాను వేయడమే దాని అర్థం. కావలసిన పనిని కనిపెట్టడం, ఎవరో వచ్చి చేస్తారని వేచి ఉండక పూనుకొనడం, పూనుకొన్న పనిని ముగించడం అనే మూడూ కలిస్తేనే అది చొరవ అవుతుంది.

సాహసాన్ని గూర్చి మన విద్యార్థులలో ఒక అపోహ ఉన్నది. తెగించినవానికి తెడ్డే లింగమన్న సామెత మనకు ఉన్నది. అటువంటి తెగింపును ఏ సంస్థా కోరదు. ఇంటర్వ్యూ చేసేవారు వెదికే సాహసానికి లెక్క ఉంటుంది. పని ఫలిస్తే లాభమెంత? ఫలించకపోతే నష్టమెంత? ఆ నష్టం ఎవరిమీద పడుతుంది? దానిని ఎక్కడ ఆపవచ్చును? అడుగు వెనుకకు తీసుకొనే వీలున్నదా? ఎవరి అనుమతి కావలెను? ఈ ప్రశ్నలకు ముందుగా సమాధానం వెదికి, పిమ్మట వేసిన అడుగే ఆలోచించి చేసిన సాహసం.

ఒక ఉదాహరణ

"మేము అటువంటి పనులేమీ చేయలేదు" అని విద్యార్థులు అనవచ్చును. ఇక్కడనే మా విన్నపం ఉన్నది. చెప్పుల దుకాణం నడుపుకొనే ఒక సామాన్య కుటుంబంలోని విద్యార్థినిని ఊహించుకొందాము. "మీరు చేసిన సాహసం ఒకటి చెప్పండి" అని అడిగినప్పుడు ఆమె, "నాకు చొరవ ఎక్కువ, దేనికీ వెనుదీయను" అన్నదనుకొందాము. ఇందులో రుజువు లేదు. ఈ మాట ఎవరైనా అనగలరు. అదే విద్యార్థిని ఈ విధంగా చెప్పినదనుకొనండి:

"నేను డిగ్రీ రెండవ సంవత్సరంలో ఉండగా మా నాన్నగారి దుకాణం లెక్కలు వ్రాసేదానిని. రంజాన్ ముందు పిల్లల చెప్పులు అడిగి, లేవని తెలిసి వెళ్ళిపోయేవారు ఎక్కువగా కనిపించారు. వారం రోజులు అటువంటివారిని లెక్కపెట్టాను. 40 మంది తేలారు. పండుగ సరుకుకు మా పెట్టుబడి 80,000 రూపాయలు. అందులో 12,000 రూపాయలు పెట్టి పిల్లల చెప్పులు 60 జతలు తెద్దామని నాన్నగారితో చెప్పాను. కొలతలు కుదరక మిగిలిపోతాయని ఆయన సందేహించారు. నేను టోకు వ్యాపారిని కలిసి, అమ్ముడుపోనివి పండుగ తరువాత 15 రోజులలో తిరిగి తీసుకొనేటట్లు ఒప్పించాను. అప్పుడు నాన్నగారు అంగీకరించారు. జత 200 రూపాయలకు కొని 260 రూపాయలకు అమ్మాము. 46 జతలు పోయినవి. 11 జతలు తిరిగి ఇచ్చాము. 3 జతలకు మరకలు పడినందున అతడు తీసుకొనలేదు. ఆ 600 రూపాయల నష్టం పోగా 2,160 రూపాయలు మిగిలినవి. మరుసటి ఏడు సరుకును విడిగా అట్టపెట్టెలలో ఉంచాము, మరక పడలేదు."

ఈ సమాధానం చెప్పడానికి రెండు నిమిషాలు చాలును. సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అనే నాలుగు మెట్లు ఇందులో వరుసగా ఉన్నవి. ఆంగ్లంలో వీటి మొదటి అక్షరాలను కలిపి 'స్టార్' పద్ధతి అంటారు. అయితే మెట్లకంటె ముఖ్యమైనవి వేరే ఉన్నవి. ఆమె ముందు లెక్కపెట్టినది. మొత్తం పెట్టుబడిని ఒడ్డక, అందులో ఆరవ వంతుకు మించకుండా ఒడ్డినది. తిరిగి ఇచ్చే వీలు కల్పించుకొన్నది. అధికారం గలవారి అనుమతి తీసుకొన్నది. నష్టాన్ని దాచక చెప్పినది. మొత్తం చిన్నదే కావచ్చును. కానీ కోట్ల రూపాయల నిర్ణయానికైనా కావలసిన ఆలోచన ఇదే.

ఫలించని సాహసం

"ఫలించకపోతే?" అన్నది తరువాతి ప్రశ్న. దీనికి మన రాష్ట్రపు తీరంలోనే ఒక గొప్ప పాఠం ఉన్నది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలి ప్రయోగం జరిగింది. దాని సారథి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ప్రయోగానికి కొద్ది సమయం ముందు కంప్యూటర్ లోపాన్ని సూచించి ప్రయోగాన్ని నిలిపివేసింది. నిపుణులు తమ లెక్కల ప్రకారం ముందుకు సాగవచ్చునన్నారు. కలాం కంప్యూటర్ ఆదేశాన్ని పక్కన పెట్టి ప్రయోగానికే నిర్ణయించారు. రెండవ దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. ఈ సంగతిని ఆ తరువాత కలాం స్వయంగా పలుమార్లు బహిరంగంగా చెప్పారు. ఆనాడు పత్రికలవారి ముందుకు సంస్థ అధిపతి సతీష్ ధావన్ వచ్చి, వైఫల్యపు బాధ్యతను తనపై వేసుకొన్నారు. లోపాన్ని వెదికి సరిదిద్దిన పిమ్మట 1980 జూలై 18న అదే రకపు రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ దినాన పత్రికలవారితో మాట్లాడవలసిందిగా ధావన్ కలాంనే పంపారు.

ఇందులో మనం గ్రహించవలసినవి మూడు. ఒకటి, నిపుణులను అడిగి తీసుకొన్న నిర్ణయం కూడా విఫలం కావచ్చును. లెక్క వేసినంత మాత్రాన విజయం ఖాయం కాదు. రెండు, ఆ సాహసానికి ముందే ఒక హద్దు ఏర్పడి ఉన్నది. రాకెట్టు విఫలమైతే జనావాసాలపై గాక సముద్రంలో పడవలెనన్న ఆలోచన, ప్రయోగకేంద్రానికి తూర్పు తీరాన్ని ఎంచుకొనడంలోనే ఉన్నది. మూడు, వైఫల్యం తరువాత నింద ఇతరులపై వేయక, కారణాన్ని వెదికి మరల ప్రయత్నించారు. ఇంటర్వ్యూలో వైఫల్యాన్ని గూర్చి అడిగినప్పుడు ఈ మూడవ భాగమే ప్రధానం.

కలాం జీవితంలోనే ఇంటర్వ్యూను గూర్చిన పాఠం కూడా ఉన్నది. వైమానిక దళంలో చేరదలచి డెహ్రాడూన్‌లో పరీక్షకు హాజరైనప్పుడు 25 మందిలో ఆయనకు 9వ స్థానం వచ్చింది. ఉద్యోగాలు 8 మాత్రమే. తరువాత బెంగుళూరులో చిన్న బృందంతో 'నంది' అనే హోవర్‌క్రాఫ్టును, అనగా గాలిమెత్తపై నడిచే వాహనాన్ని, ముందు అనుభవమేదీ లేకయే నిర్మించారు. ఆ పథకాన్ని ప్రభుత్వం మూలన పెట్టింది. కానీ ఆ వాహనాన్ని చూచి, ఎక్కి తిరిగిన శాస్త్రజ్ఞుడు ఎం.జి.కె. మీనన్ కొద్ది రోజులకే ఆయనను ఇంటర్వ్యూ చేసిన మండలిలో విక్రం సారాభాయి సరసన కూర్చొని ఉన్నారు. అక్కడ తన పాండిత్యం కంటె, తాను ఏమి కాగలనన్నదే పరిశీలించారని కలాం ఆత్మకథలో చెప్పుకొన్నారు. మూలన పడిన పని కూడా చేసినవాని పక్షాన సాక్ష్యం పలికినది.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది, 'నేను' అనడం. ఈ వ్యాసంలో మేము 'మేము' అని వ్రాస్తున్నాము, అది వ్యాసమర్యాద. ఇంటర్వ్యూలో "మేము చేశాము" అని మాత్రమే అంటే మీరు చేసినదేదో ఎదుటివారికి తెలియదు. తోడ్పడినవారిని తప్పక పేర్కొనండి. కానీ మీ వంతును మీరే చెప్పవలెను. నిండు కుండ తొణకదన్నది నిజమే. అయినా అడిగినప్పుడు కుండలో ఏమున్నదో చెప్పడం తొణకడం కాదు.

రెండవది, కల్పించి చెప్పరాదు. అనుభవం గల అధికారి "అప్పుడు ఎందుకలా నిర్ణయించారు? వేరే దారి లేదా? ఎంత ఖర్చయినది?" అని వరుసగా అడిగితే కట్టుకథ మూడవ ప్రశ్నకే కూలిపోతుంది. చిన్నదైనా జరిగినది చెప్పినవాడు పదవ ప్రశ్నకు కూడా నిలబడగలడు.

మూడవది, సందర్భాన్ని ఎరిగి ఎన్నుకొనవలెను. ఇతరుల ప్రాణానికి, పరుల సొమ్ముకు ముప్పు తెచ్చిన పనిని సాహసంగా చెప్పుకొనరాదు. బ్యాంకులోగాని ఆసుపత్రిలోగాని నియమాన్ని దాటడం చొరవ కాదు. నియమం లోపల ఉన్న అవకాశాన్ని కనిపెట్టడం, అనుమానం కలిగినప్పుడు పై అధికారికి వెంటనే తెలియజేయడం అక్కడి చొరవ.

కళాశాల కర్తవ్యం

ఈ చివరి మాట విద్యార్థులతోబాటు కళాశాల కమిటీ పెద్దలకు కూడా. చెప్పుకొనడానికి పని ఉండవలెను. పని ఉండడానికి అవకాశం ఉండవలెను. చెప్పినట్లు వినడమే సద్గుణమని మూడేండ్లు నేర్పి, చివరి నెలలో చొరవ చూపుమంటే విద్యార్థి ఎక్కడి నుండి తేగలడు? గ్రంథాలయ ప్రదర్శన, ముషాయిరా, క్రీడల పోటీ, సేవా శిబిరం వంటి వాటిలో ఒక్కొక్కదానికి కొద్దిపాటి సొమ్మును, నిర్ణయాధికారాన్ని విద్యార్థుల చేతికి ఇచ్చి, లెక్క మాత్రం కచ్చితంగా అడగవలెనని మా ప్రార్థన. కొంత సొమ్ము వృథా కావచ్చును. హద్దు ముందే నిర్ణయిస్తే అది కూడా ఆలోచించి చేసిన సాహసమే అవుతుంది. చివరి సంవత్సరం వారికి అధ్యాపకులు నెలకొక నమూనా ఇంటర్వ్యూ జరిపితే మరీ మేలు.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక నోటుపుస్తకం తీసుకొనండి. ఇంటిలో, దుకాణంలో, బస్తీలో, కళాశాలలో మీరు పూనుకొని చేసిన పనులను ఐదింటిని వ్రాయండి. ప్రతిదాని కింద, ఏమి చూచారు, ఏమి పోవచ్చుననుకొన్నారు, దానిని ఎట్లు అదుపులో ఉంచారు, ఎవరికి చెప్పారు, ఏమి ఫలితం వచ్చినది అన్న ఐదు పంక్తులు వ్రాయండి. వాటిని తెలుగులోను, ఉర్దూలోను, ఆంగ్లంలోను మిత్రుని ఎదుట బిగ్గరగా చెప్పి చూడండి. ఐదు పనులు దొరకకపోతే నిరుత్సాహపడవద్దు. మీరు మొదటి అడుగు వేయవలసిన పని ఎక్కడో దగ్గరలోనే ఉన్నదని అర్థం. దానిని నేడే మొదలుపెట్టండి.