ధర చూసేవాళ్లు వందమంది, మార్చేది ఒక్కరు

వికారాబాద్, తాండూరుల నుంచి ఐటీ ఇంటర్వ్యూలకని హైదరాబాద్ రైలెక్కే పిల్లలు డెడ్‌లాక్‌కు కావాల్సిన నాలుగు షరతులూ గడగడా అప్పజెప్పేస్తారు. 1971లో కాఫ్‌మన్ బృందం రాసిన ఆ షరతులు ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్‌లోనే ఉన్నాయి. ‘మీ ప్రోగ్రాంలో ఎప్పుడైనా వచ్చిందా?’ అని అడిగితేనే నోరు పెగలదు.

అందుకే ఒకటి మీరే తెప్పించండి. 2022లో జీఐ గుర్తింపు పొందిన తాండూరు కందుల ధర చూపే చిన్న జావా ప్రోగ్రాం చాలు. ధర చూసే థ్రెడ్లు బోలెడు, మార్చేవి ఒకటో రెండో. మామూలు లాక్ పెడితే ఊరికే చూసేవాళ్లూ వరసలో నిలబడాలి. రీడర్-రైటర్ లాక్‌తో చూసేవాళ్లంతా ఒకేసారి చూస్తారు. మార్చేటప్పుడు మాత్రం లోపల ఇంకెవరూ ఉండకూడదు.

ఇక తిప్పలు ఇక్కడే. ఒక థ్రెడ్ రీడ్ లాక్ తీసుకుని చూసింది. ధర పాతబడింది. ఆ లాక్ వదలకుండానే రైట్ లాక్ అడిగింది. అది దొరకాలంటే చదివేవాళ్లంతా తప్పుకోవాలి, వాళ్లలో తనూ ఉంది! జావా రీఎంట్రంట్‌రీడ్‌రైట్‌లాక్‌లో ఇందుకు రెండో థ్రెడ్ కూడా అక్కర్లేదు, ఒక్కటే తనను తాను కట్టేసుకుంటుంది. రైట్ నుంచి రీడ్‌కు దిగొచ్చు, రీడ్ నుంచి రైట్‌కు ఎక్కలేం. రీడ్ లాక్ వదిలేసి, రైట్ లాక్ తీసుకుని, ధరను మళ్లీ చూడాలి. ఈ సందులో ఇంకెవరో మార్చేసి ఉండొచ్చు కదా. ఇంటర్వ్యూలో నేను చెవి పెట్టి వినేది ఈ ‘మళ్లీ చూడాలి’ కోసమే.

గో భాషలో బాధ వేరు. రీడ్ లాక్ పట్టుకున్న ఫంక్షన్ ఇంకోదాన్ని పిలుస్తుంది, అదీ రీడ్ లాక్ అడుగుతుంది. ఆ మధ్యలో రైటర్ వచ్చి నిలబడితే గో కొత్త రీడర్లను ఆపేస్తుంది. అంతే, ఇద్దరూ ఇరుక్కుపోతారు. రైటర్ ఆ క్షణానికి రాకపోతే టెస్టులన్నీ పాసవుతాయి.

ఆగిపోయిన మీ జావా ప్రోగ్రాం మీద, థ్రెడ్లు ఎక్కడ ఆగాయో చూపే జేస్టాక్ టూల్ నడపండి. మామూలు డెడ్‌లాకైతే అదే పట్టిస్తుంది. రీడ్ లాక్ ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు కాబట్టి రీడ్ నుంచి రైట్‌కు ఎక్కబోయి వచ్చిన డెడ్‌లాక్ దాని కంట పడదు. ఏ థ్రెడ్ ఏ లైన్లో ఆగిందో చదివి మీరే తేల్చాలి.

రెజ్యూమెలో ‘మల్టీథ్రెడింగ్ తెలుసు’ అన్న వాక్యం కొట్టేసి, ఆగిపోయే కోడ్, సరిదిద్దిన కోడ్ రెండూ ఉన్న గిట్‌హబ్ లింకు పెట్టండి.