రక్తంలో కాపరి

పారాథియాన్ అనే పురుగుమందు శరీరంలో పారాక్సాన్ అనే విషంగా మారుతుంది. ఆ విషాన్ని ఛేదించగలదు కనుక రక్తంలోని ఒక ఎంజైమునకు పారాక్సోనేజ్ అని పేరు పెట్టారు. పురుగుమందులు నిన్నమొన్నటివి, ఎంజైము మాత్రం ఎంతో ప్రాచీనమైనది. కాలేయంలో తయారయ్యే ఈ ఎంజైము మంచి కొలెస్ట్రాల్ కణాలను అంటిపెట్టుకొని సంచరిస్తూ, చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణం చెందకుండా అడ్డుపడుతుంది. ఆక్సీకరణం చెందిన కొవ్వు ధమనుల గోడలలో పేరుకొని గుండెపోటుకు దారితీస్తుంది. ఈ ఎంజైము లేని ఎలుకలకు కొవ్వు ఆహారం పెట్టగా, వాటి ధమనులు తక్కిన ఎలుకల ధమనులకంటె ఎక్కువగా చెడినట్లు 1998లో వెల్లడైంది.

ఇది అందరిలో ఒకే తీరుగా ఉండదు. దీని జన్యువు ఏడవ క్రోమోజోముపై ఉన్నది. ఎంజైము గొలుసులో 192వ స్థానాన కొందరికి గ్లుటమిన్, కొందరికి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి మరొకటి సంక్రమించి రెండు రూపాలూ కలవారూ ఉన్నారు. ఆర్జినిన్ రూపం పారాక్సాన్‌ను వేగంగా ఛేదిస్తుంది. విచిత్రమేమంటే, కొవ్వును కాపాడటంలో గ్లుటమిన్ రూపమే మెరుగని కొన్ని ప్రయోగాలు చూపాయి.

అయితే ఆర్జినిన్ కలవారికి గుండెజబ్బు తప్పదా? 2004లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశీలన 43 అధ్యయనాలను కలిపి, 11,212 మంది హృద్రోగులను 12,786 మంది ఇతరులతో పోల్చింది. కనిపించిన అదనపు ముప్పు స్వల్పం. పెద్ద అధ్యయనాలలో అదీ నిలువలేదు. ఒకే జన్యురూపం కలవారిలో సైతం ఎంజైము చురుకుదనం పలురెట్లు తేడాగా ఉంటుంది. పొగతాగేవారిలో అది తగ్గుతుంది. కనుక ఆ ఒక్క స్థానాన్ని పరీక్షించి ఎవరి గుండె భవిష్యత్తునూ నిర్ణయించలేరు.