మందునకు పరీక్ష

హైదరాబాదులో ఆబిడ్సు నుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా పోయినచో నాంపల్లి వస్తుప్రదర్శన మైదానము వచ్చును. ఏటేటా మృగశిర కార్తె సమయమున ఉబ్బస రోగులు దూరదేశముల నుండి అచ్చటికి వత్తురు. బత్తిని వారి కుటుంబమువారు మూలికల ముద్దను బ్రతికియున్న చిన్న కొఱ్ఱమీను నోటిలో నిడి, దానిని రోగులచే మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో నిత్తురు. మూల్యము గైకొనరు. 1845లో ఒక సాధువు తమ పూర్వికునకు ఈ మందును ఉపదేశించెనని వారు చెప్పుదురు. దాని యోగము మాత్రము రహస్యము.

ఇది నిజముగా గుణమిచ్చునా యని జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ప్రశ్నించినవి. ఉబ్బసము ఒకప్పుడు హెచ్చును, ఒకప్పుడు తనంతట తానే తగ్గును. కావున మందు పుచ్చుకొన్న పిదప నెమ్మదించినంత మాత్రమున అది మందు మహిమయే యని నిర్ణయింపరాదు. పుచ్చుకొన్నవారిని, పుచ్చుకొననివారిని సరిపోల్చి చూడవలయును.

మూలికలను శోధించుట సాధ్యమే యనుటకు సర్పగంధ నిదర్శనము. దాని వేరును మన వైద్యులు పూర్వము నుండియు ఉన్మాదమునకు వాడుచుండిరి. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని నుండి ఆల్కలాయిడులను వేఱుచేసెను. ఆ యేడే కలకత్తాలో గణనాథ సేనుడు, కార్తీక చంద్ర బోసు అది రక్తపు పోటును తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు 50 మంది రోగులలో దాని ఫలితములను వెల్లడించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దాని నుండి రిసర్పిన్ అను ద్రవ్యమును తీసిరి. ఆ మందు కొందఱికి మనోవ్యాకులత కలిగించునని కూడ పిమ్మట వైద్యులు గుర్తించిరి. గుణమువలెనే దోషమును కూడ తెలిసికొనుట పరిశోధన ధర్మము.

విద్యార్థులారా! ఊపిరాడని రోగి ఆశతో వచ్చును. ఆ యాశను పరిహసింపరాదు. కాని పరీక్షింపని మందును నమ్మి వైద్యుడిచ్చిన మందును మానుట ప్రాణాపాయమని అతనికి తెలియజెప్పుట చదువుకొన్నవారి కర్తవ్యము.