అంగన్‌వాడిలో పసివారి ఓదార్పు

పంచాయతీ సభ్యులు అంగన్‌వాడి కేంద్రమును చూడబోయినపుడు బియ్యము, పప్పు, గ్రుడ్లు సరిగా అందుచున్నవా, హాజరుపట్టీలో పిల్లలెందరు అని విచారింతురు. విచారింపవలసినదే. కాని ఆ పట్టీలో కెక్కని మరియొక విషయమును కూడ వారు గమనింపవలెనని మా కోరిక.

తల్లి విడిచి వెళ్లగానే మూడేండ్ల పిల్లవాడు గుమ్మము వంక చూచుచు ఏడ్చును. టీచరు మరియొక బిడ్డను సముదాయించుచుండును; ఆయా పొయ్యి వద్ద నుండును. అంతలో నాలుగేండ్ల పిల్ల యొకతె వచ్చి వాని ప్రక్కన చతికిలబడి, తన బొమ్మను వాని ఒడిలో పెట్టి, "మీ అమ్మ వస్తుందిలే, ఏడవకు" అనును. అది తన కెవరో చెప్పిన మాటయే. పెద్దలు చూచి నవ్వుకొందురు. కాని ఆ పూట వాడు అచట నిలిచినాడన్న అది ఆ పిల్ల చలువయే. ఓదార్పు దొరకని బిడ్డను తల్లి కొన్నాళ్లకు పంపుట మానును. దానితో గ్రుడ్డు, ఆట, పాట అన్నియు పోవును.

ఈ గుణము ఎట్లు వచ్చును? పురిటిబిడ్డ సయితము వేరొక బిడ్డ ఏడ్పు విని తానును ఏడ్చును. అది జాలి కాదు, ఏడ్పు అంటుకొనుట మాత్రమే. రెండవ యేట బాధపడువారు వేరు, తాను వేరు అని తెలియసాగును. నిమురుట, వస్తువు నిచ్చుట అపుడే మొదలగును. 1979లో అమెరికాలో కారొలిన్ జాన్-వాక్స్‌లర్ మొదలగువారు తల్లులచేత ఇంటి సంగతులు వ్రాయించి పరిశీలించిరి. "నీవు కొట్టినందున వానికి నొప్పి కలిగినది" అని మనసుకు హత్తునట్లు చెప్పు తల్లుల బిడ్డలు ఇతరుల బాధకు ఎక్కువగా స్పందించినట్లు తేలినది. ఏడ్చిన సూది వేయింతునను బెదిరింపు మన కేంద్రములలో వినబడరాదని మేము చెప్పుటకు ఇదియు ఒక కారణము.

అందరు పిల్లలును ముందుకు రారు. కొందరు ఊరక చూతురు, కొందరు నవ్వుదురు. అది దుర్గుణము కాదు. ఓదార్చు పిల్లనే ప్రతిదినము పురమాయించుటయు తగదు. ఆడపిల్లల నెత్తిన ఈ పని సులభముగా పడును. రోజుల తరబడి ఏడ్చు బిడ్డకు చెవిపోటో, ఆకలియో, ఇంట దెబ్బలో ఉండవచ్చును. అది నాలుగేండ్ల పిల్లకు తెలియదు, టీచరే తెలిసికొనవలెను.

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కప్పగింపదగిన విషయములలో శిశు సంక్షేమమును చేర్చినది. ఒక చాప, నాలుగు బొమ్మలు ఎక్కువ సమకూర్చుట, క్రొత్త బిడ్డ తల్లిని కొన్నిదినములు లోపల కూర్చుండనిచ్చుట పెద్ద ఖర్చు కాదు. సభ్యులు ఈసారి తల్లులు బిడ్డలను దిగవిడుచు వేళకే కేంద్రమునకు వెళ్లవలెను. భోజనవేళకు వెళ్లినచో ఇదంతయు కానరాదు.